ఎడమ పక్క

జూన్ 8, ఆదివారం

ఈ రోజు చర్చిలో మోకరించలేదు. ఆడవాళ్లంతా చాపల మీద మోకాళ్లూనితే నేనొక్కదాన్నే వెనక గోడకు చేరబడి నిలబడ్డాను. మా పాస్టరు ప్రార్థన ఆర్డినరీ బస్సు లాంటిది, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది. రోగులు, రైతులు, పరీక్ష తప్పినవాళ్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, అధికారులు. ఆయన అధికారుల దాకా వచ్చేసరికి నా ఎడమ కాలు వణకసాగింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఒకామె అననే అంది:

"ఏం టీచరమ్మా, రిటైరైనాక దేవుని ముందర గూడా మోకాలొంచవా ఏందీ?"

"మోకాలు నొస్తాందిలే. దేవుడు కండ్లు మూసుకున్నోళ్లనే చూస్తాండాడు. నువ్వేమో కండ్లు తెరుచుకుని నన్ను చూస్తాండావ్."

నవ్వింది. నేనూ నవ్వాను. మోకాలన్నది పూర్తిగా అబద్ధం కాదు. నొప్పి తొడ బయటి పక్కగా జారి మోకాలి దాకా వస్తుంది. ఎక్కడ బయలుదేరుతుందనేది ఆమెకు అనవసరం.

జూన్ 9

మోకాలే.

జూన్ 10, మంగళవారం

ఎదురింటి నరసమ్మ కర్పూరం వేసి కాచిన నూనె తెచ్చింది. అడక్కుండానే కూర్చుని నా మోకాలు పట్టుకుని, పిండి పిసికినట్టు పిసికింది.

"యెట్లుందక్కా?"

"నీ చేతులకు మంచి వ్యాయామం."

"నొప్పి పోయిందా అంటే ఏందేందో చెప్తావే!"

"మోకాలు నొప్పి అస్సలు లేదు ఇప్పుడు," అన్నాను. ఇది నిజం. నా మోకాలు దీపం ముట్టిస్తే వెలిగేలా ఉంది. తుంటి మాత్రం తన పని తాను చేసుకుంటోంది.

తుంటి. సరే, రాసేశాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి మిగిలిందీ రాస్తాను. ఎనిమిదేళ్ల కిందట కర్నూల్లో నా కుడి రొమ్ము తీసేశారు. మందులెక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం, జుట్టు ఊడటం, మళ్లీ ఎవరిదో అన్నట్టు రింగులుగా మొలవడం, అన్నీ అయ్యాయి. ఐదేళ్లు దాటాక అక్కడి డాక్టరు చేతులు కట్టుకుని, "ఇక మీరు హాయిగా ఉండొచ్చు. ఎముకల్లో మాత్రం ఎక్కడైనా నొప్పి మొదలై వదలకపోతే ఆలస్యం చెయ్యకుండా రండి. ముఖ్యంగా నడుము, తుంటి" అన్నాడు. పై వాక్యాన్ని మరిచిపోయి కింది వాక్యాన్ని మాత్రం కంఠతా పట్టాను.

ఇప్పుడు తుంటి నొస్తోంది. ఏప్రిల్ నుంచి. ఎండలు మొదలయ్యాక మంచం వదిలి, చల్లగా ఉంటుందని నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద చాప వేసుకున్న రోజుల్నుంచీ. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే ఎవరో లోపలి నుంచి గూటం కొడుతున్నట్టు ఉంటుంది. నేనేమో ఎడమ పక్కకే పడుకుంటాను.

ముసలివాళ్లకు మోకాళ్లు నొస్తాయి. అది మర్యాదైన నొప్పి. బస్సులో సీటిస్తారు, నూనె తెచ్చిస్తారు. తుంటి అంటే మళ్లీ కర్నూలు. మళ్లీ మా కోడలు లూదియా ఆ ముఖం పెట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి. ఆమె ముఖం మామూలుగానే అంతంతమాత్రం.

జూన్ 11

మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. కాలు ఒకటి, ఫ్యాను ఒకటి. మా గది ఫ్యాను ఏళ్ల తరబడి గరగరలాడుతోంది. ఎలక్ట్రీషియన్ ఓబులేసు రెండుసార్లు విప్పి, బిగించి, "ఫ్యాన్‌కేం రోగం లేదు టీచరమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. రోగం లేకపోతే ఆ శబ్దం ఎక్కడిది? పైగా రాత్రిపూట బుద్ధిగా తిరుగుతుంది, మధ్యాహ్నమే రాగం తీస్తుంది. ఎండ వేడికి లోహం వ్యాకోచిస్తుందని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. నా క్లాసులో కూర్చోలేదు కదా.

జూన్ 13, శుక్రవారం

నా కొడుకు ఎడ్విన్ పోరు పడలేక ఇక్కడే ఆళ్లగడ్డలో డాక్టరుకు చూపించుకున్నాను. మోకాలన్నాను. మోకాలికి ఎక్స్‌రే తీశాడు. వెలుతురుకు పట్టి చూసి, "ఈ వయసుకు ఇంత మంచి మోకాళ్లు నేను చూళ్లేదమ్మా" అన్నాడు. మంచి కుర్రవాడు. ఆయన తప్పేమీ లేదు, చూపించినది చూశాడు.

అడిగిన ప్రశ్న వదిలేసి తెలిసిన ప్రశ్నకు జవాబు రాసి వచ్చే పిల్లలకు ముప్పై మూడేళ్లు నేను సున్నాలు వేశాను.

నాకు మంచి మార్కులే వచ్చాయి.

జూన్ 15, ఆదివారం

చర్చిలో కుర్చీ వేశారు నాకు. వెనక వరసలో, గొడుగుల పక్కన.

సాయంత్రం మబ్బు పట్టింది. మిద్దె మీద వడియాలు ఆరబెట్టి ఉన్నాయి, లూదియా పెరట్లో ఉంది కదా అని నేనే ఎక్కాను. సగం మెట్లు ఎక్కేసరికి కాలు ఇక పైకి లేవలేదు. కిందికీ రాలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్ల మీద నుంచి ఊరి అందాలు చూస్తున్నదానిలా నిలబడ్డాను. లూదియా చేటతో వచ్చి కింద నిలబడి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"అత్తా. నొస్తాందని చెప్పేది మోకాలు. పట్టుకునేది తుంటి. ఏందీ కథ?"

"చెయ్యి దానంతటదే పోయింది."

"నీ చెయ్యి నిన్నడక్కుండా యాడికీ పోదు. ఎన్నాళ్ల నుంచి?"

"వడియాలు తడుస్తాండాయి, చూడు."

"తడవనీ."

లూదియా వడియాలను తడవనీ అనడం! ఆ మాటకే నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆమె వచ్చి రెండు మెట్లు కింద కూర్చుంది. వాన చినుకులు పడ్డాయి. ఆమె కూడా కర్నూలు డాక్టరు ఎదురుగా నా పక్క కుర్చీలోనే కూర్చుంది కదా ఆ రోజు. తనూ కింది వాక్యమే కంఠతా పట్టిందేమో.

కాసేపటికి లేచి, "నంద్యాల్లో ఎముకల డాక్టరమ్మ ఉందంట. బుధవారం పోతాండాం" అంది.

"నాకు బుధవారం కుదరదు."

"ఏం, కలెక్టరుతో మీటింగుందా?"

ఎడ్విన్‌ను అప్పీలుకు పిలిచాను. "మా, లూదియా చెప్పినట్టు ఇను" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ వాడికి వచ్చిన ఒకే వాక్యం అది. అందుకే ఆ సంసారం అంత చక్కగా సాగుతోంది.

జూన్ 17

రేపే. నడుము అని చెబితే ఎలా ఉంటుంది? నడుము కూడా మర్యాదైనదే.

జూన్ 18, బుధవారం

సిరివెళ్ల దాటేదాకా నాకు కిటికీ పక్క సీటు, ఆ తర్వాత లూదియాకు. కాలు చాపుకోవడానికి ఆమెను అటు జరిపాను. దారంతా నేను ఏ రైసు మిల్లు ఎవరిదో చెప్పుకుంటూ పోయాను. ఆమె వినలేదు.

డాక్టరు పేరు భానుప్రియ. నలభై ఉండదు. చేతికి గాజుల్లేవు, గడియారం మాత్రం మగవాళ్లది. నేను నోరు తెరవబోతే, "ఉండమ్మా, నేనడిగేదాకా నువ్వేం చెప్పొద్దు. ఆ తలుపుదాకా పోయి రా" అంది.

పోయి వచ్చాను. మర్యాదగానే నడిచాను. పాఠశాల తనిఖీకి వచ్చినవాళ్ల ముందు నడిచినట్టు.

"మామూలుగా నడువు," అంది.

మామూలుగా నడిచాను. తల వంకర చేసి నా చీర కుచ్చెళ్ల వంక కాదు, నడుము కింద చూసింది. "ఎడమ కాలి మీద బరువు పడ్నప్పుడు ఒళ్లంతా ఆ పక్కకు ఒరుగుతాంది. నీకు తెలుస్తాందా?"

తెలియదు. నా నడక నా వెనక ఉంటుంది కదా.

"ఇప్పుడు చెప్పు. యాడ నొప్పి? నోటితో వద్దు. ఒక్క వేలు పెట్టి చూపించు."

ఇది నేను ఊహించలేదు. నోటికి ఏదైనా నేర్పొచ్చు. వేలు అలా కాదు. మోకాలి మీద పెడదామని బయలుదేరిన వేలు తొడ బయటి పక్కనున్న ఎముక గుబ్బ మీద ఆగింది. నా వెనక లూదియా గాలి వదలడం వినపడింది.

"గజ్జలో ఉందా? ఈడ, ముందర పక్క?"

"లేదు."

"మంచిది," అంది. ఎందుకు మంచిదో చెప్పలేదు.

ఎడమ కాలి మీద ఒంటికాలిపై నిలబడమంది. గోడకు వేలు ఆనించుకోవచ్చంది. నిలబడ్డాను. కాసేపటికి ఆ గుబ్బ దగ్గర పొయ్యి రాజుకుంది. "అదే నొప్పా?" అదే. తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. మోకాలు మడిచి, కాలిని లోపలికి తిప్పింది, బయటికి తిప్పింది. కాలు నిటారుగా పైకెత్తింది. నేను పిల్లలకు చెప్పిన బంతి గిన్నె కీలు అది. స్కూలు బీరువాలో ఉండే అస్థిపంజరం కాలు పట్టుకుని ఎన్ని వందలసార్లు అలాగే తిప్పి ఉంటాను. దానికెలా ఉండేదో ఈ రోజు తెలిసింది.

"నొస్తాందా?"

"లేదు."

"గిన్నెలో బంతి నున్నగా తిరుగుతాందమ్మా. కీలు అరగలేదు. కాలు ఎత్తితే నడుములో పట్టేయడం లేదు, కాబట్టి నడుము గాదు." నడుము కూడా చేజారింది. "సరే, ఇప్పుడు కుడి పక్కకు తిరిగి పడుకో. పైనుంచి నొక్కి చూస్తా."

నేను కదల్లేదు.

"కుడి పక్కకమ్మా."

"ఆ పక్కకు పడుకోను."

"నొస్తాందా ఆ పక్క?"

"నొయ్యదు. పడుకోను."

డాక్టరు లూదియా వంక చూసింది. లూదియా చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, నలుగురిలో అనకూడని మాటేమో అన్నట్టు మెల్లగా చెప్పింది: "ఆపరేషన్ అయినకాణ్నించి ఆ పక్కకు పడుకోదు మేడం. ఎనిమిదేండ్లయ్యింది. కుడి రొమ్ము తీసేసినారు."

డాక్టరు నా చీర సర్ది, లేపి కూర్చోబెట్టింది. తానూ స్టూలు లాక్కుని కూర్చుంది. చాలా అడిగింది. బరువు తగ్గానా, జ్వరమా, ఆకలి ఎలా ఉంది, కదలకుండా వెల్లకిలా ఉన్నా నొస్తుందా. తగ్గలేదు, లేదు, లూదియా వంటను బట్టి, లేదు.

"ఎడమ పక్కకే పడుకోమని ఎవరు చెప్పినారు?"

"కుడి పక్కకు వద్దని కర్నూల్లో చెప్పినారు."

"ఎప్పుడు?"

"ఆపరేషనైన వారం."

"అది కుట్లు మానేదాకామ్మా!"

"మళ్లీ పడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను నిలబెట్టి, వెనక నుంచి ఆ గుబ్బ మీద బొటనవేలితో నొక్కింది. నేను అరిచిన అరుపుకు నర్సు తలుపు తీసింది. "ఇదే," అంది డాక్టరు, తాళంచెవి దొరికినదానిలా. "ఇన్నేండ్లు ఒక్క పక్కే బరువు. ఈ ఎండాకాలం అంతా బండ మీద. కండరం ఎముకకు అతుక్కునేది ఈడనే. నలిగి నలిగి వాచింది. నా లెక్క ఇది."

ఆగింది.

"నీ రోగం మళ్లీ లేచిందని నేననుకోవడం లే. కానీ అనుకున్నాననే మాట మీద నిన్ను ఇంటికి పంపను. ఎక్స్‌రే ఇప్పుడు తీపిస్తా. రక్తం ఇచ్చిపో. ఎల్లుండి స్కానింగు. సరేనా?"

సరే అన్నాను. ఈమె నాకు నచ్చింది. దొరికిన జవాబును కూడా సరిచూసుకునే పిల్లలు నాకెప్పుడూ నచ్చుతారు.

బయట లూదియా అంది: "ముందే చెప్పింటే ఏమయ్యేది?"

"నువ్వు ఆ ముఖం పెట్టుకునుంటావు."

"ఏ ముఖం?"

"ఇప్పుడుంది చూడు, అదే."

జూన్ 19

ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయట. ఎక్స్‌రేకు అన్నీ కనపడవని నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. చదువుకున్నందుకు ఇలాంటప్పుడే చిరాకేస్తుంది.

జూన్ 20, శుక్రవారం

స్కానింగు. గొట్టంలోకి తోశారు. లోపల రైసు మిల్లు నడుస్తోంది. భయం వేయకుండా కాలి వేళ్ల నుంచి పైకి ఎముకల పేర్లు చెప్పుకుంటూ వచ్చాను. తుంటి దగ్గరికి రాగానే పేరు మరిచిపోయాను. మళ్లీ వేళ్ల నుంచి మొదలుపెట్టాను.

బయటికొస్తే లూదియా వరండాలో నా చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతారట. వాటిని ఎవరూ ఎత్తుకుపోరు.

జూన్ 21

కబురేమీ రాలేదు.

జూన్ 22, ఆదివారం

పాస్టరు బస్సు ఈ రోజు రోగుల దగ్గర ఆగినప్పుడు ఎక్కాను. కుర్చీలో కూర్చునే.

నరసమ్మ మళ్లీ నూనె తెచ్చింది. ఈసారి నొప్పి ఎక్కడో చెప్పాను. "ఓర్నీ, నేనిన్నాళ్లు మోకాలికి పూసింది వేస్టేనా?" అని సీసా వంక జాలిగా చూసింది.

జూన్ 24, మంగళవారం

ఎముకల్లో ఏమీ లేదు.

మళ్లీ రాస్తాను. ఎముకల్లో ఏమీ లేదు.

డాక్టరు భానుప్రియ తెర మీద చూపించింది. పిర్ర కండరాన్ని ఎముక గుబ్బకు కట్టే స్నాయుబంధనం వాచి ఉంది, చుట్టూ కాస్త నీరు. అంతే. రక్తం కూడా బాగుంది. "స్నాయుబంధనం" అని నేనే అందించాను, ఆమెకు ఆ తెలుగు మాట రాదు. రాసుకుంది.

ఏం చెయ్యాలో చెప్పింది. బండ మీద పడుకోకూడదు, మంచం. మోకాళ్ల మధ్య దిండు. కాలు మీద కాలు వేసుకుని కూర్చోకూడదు. ఆ కండరానికి బలం వచ్చే వ్యాయామాలు, రోజూ, రెండు మూడు నెలలు. నొప్పి ఒక్కసారిగా పోదు, ఒక మెట్టు దిగుతుంది, ఒక రోజు మళ్లీ ఎక్కుతుంది, అప్పుడు బెదిరిపోయి మానెయ్యకూడదు.

"మోకరించవచ్చునా?"

"నొప్పి తగ్గే కొద్దీ. దేవునికి తొందరేం లేదు." తర్వాత గొంతు మార్చి, "ఎడమ పక్కకు కొన్నాళ్లు వద్దు. కుడి పక్కకు పడుకో" అంది.

నేను కొంగు సర్దుకున్నాను.

"ఎవరూ చెప్పలేదంటివి గదా. నేను చెప్తాండా. పడుకోవచ్చు."

ఉత్తర్వు రద్దయింది. ఎనిమిదేళ్లకు. అమలు సంగతి నేను హామీ ఇవ్వలేదు. నిజం ఏమిటంటే ఆ పక్కకు ఒరిగితే అక్కడ ఏమీ లేకపోవడం ఒత్తుకుంటుంది. ఉన్నది ఒత్తుకుంటే ఓర్చుకోవచ్చు. ఇది డాక్టరుకు చెప్పలేదు.

బస్టాండులో లూదియా జామకాయలు బేరమాడింది. అమ్మేవాడు మొదట చెప్పిన ధరే ఇచ్చి, సంచి పట్టుకుని వచ్చింది. మా కోడలు బేరంలో ఓడిపోవడం నేను ఈ జన్మలో చూడలేదు. బస్సులో నాకు కిటికీ సీటిచ్చి, అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దుమ్ము," అంది.

"కిటికీ నా పక్కనుంటే దుమ్ము నీకెట్ల పడతాందే?"

"నీకెందుకు? జామకాయ తిను."

జూన్ 27

లూదియాకు అధికారం వచ్చింది. పొద్దున్నే మంచం పక్కన నిలబడి వ్యాయామాలు చేయిస్తోంది. "నడుము ఎత్తు. ఆడనే ఆపు. దించమన్నానా?" నేను టీచరుగా ఇంత దుర్మార్గంగా ఉండేదాన్నా అని ఎడ్విన్‌ను అడిగాను. "మా, లూదియా చెప్పినట్టు ఇను" అన్నాడు.

వెల్లకిలా పడుకుంటున్నాను, మోకాళ్ల కింద దిండుతో. పెట్టెలో పెట్టినట్టు ఉంటుంది. "కుడి పక్కకు తిరుగత్తా" అంటుంది లూదియా. "తిరుగుతాలే" అంటాను.

జూలై 1

ఎక్కువైంది. మళ్లీ ఆ గూటం. డాక్టరు ఇలా అవుతుందని చెప్పింది. చెప్పింది కదా.

జూలై 2

తగ్గింది. చెప్పింది కదా.

జూలై 6, ఆదివారం

ముందు బెంచీ పట్టుకుని మోకరించాను. బస్సు పరీక్ష తప్పినవాళ్ల దగ్గరికి రాగానే లేచేశాను. మిగతా ప్రయాణం కుర్చీలో. గొడుగుల పక్కనున్న చోటు నాకు అలవాటైపోయింది, అక్కడి నుంచి ఎవరు నిద్రపోతున్నారో బాగా కనిపిస్తుంది.

జూలై 10, గురువారం

ఇప్పుడే, మధ్యాహ్నం.

అన్నం తిని పడుకున్నాను, వెల్లకిలా. ఆపరేషన్ అయిన నాటి నుంచీ లూదియా మధ్యాహ్నాలు నా గదిలోనే, నా మంచానికి అవతల చాప మీద పడుకుంటుంది. అప్పట్లో రాత్రి పగలు నాకు ఏదో ఒకటి అందించడానికి పడుకునేది. అవసరం తీరాక కూడా మధ్యాహ్నాలు మానలేదు. నేను గోడ వైపు తిరిగి ఉంటాను, ఆమె నా వీపు వెనక ఉంటుంది. ఇన్నేళ్లుగా అంతే.

ఫ్యాను గరగరలాడుతోంది. కరెంటు పోయింది.

రెక్కలు నెమ్మదించాయి. ఆగిపోయాయి. గరగర ఆగలేదు.

రెక్కల వంక చూశాను. కదలడం లేదు. గరగర మాత్రం ఇంకాస్త పెద్దదైంది, మధ్యలో చిన్న ఈల కూడా. కింద నుంచి వస్తోంది. ఏమిటా అని గభాలున తిరిగి చూశాను.

మా కోడలు చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు ఇంత తెరిచి నిద్రపోతోంది. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో! మెడలో చెమట. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులోంచి ఓబులేసు రెండుసార్లు విప్పి బిగించిన ఆ శబ్దం.

పాపం ఓబులేసు.

ఎంతసేపు చూశానో తెలియదు. ఆ తర్వాత, కాలు ఏమీ అనడం లేదేమిటని అనుమానం వచ్చి చూసుకుంటే, కుడి పక్కకు పడుకుని ఉన్నాను. మొత్తం బరువు ఆ పక్క మీదే ఉంది. ఒత్తుకుంటోంది. ఒత్తుకోనీ.

విసనకర్ర అందుకుని ఇటు తిరిగే ఆమెకు గాలి విసిరాను. లూదియా కళ్లు తెరిచింది. నన్ను చూసింది. నా ముఖాన్ని ఈ గదిలో ఈ వైపు నుంచి ఆమె ఎన్నడూ చూడలేదు కదా, కంగారు పడింది.

"ఏందత్తా? ఏమైంది? నొస్తాందా?"

"లేదు. పడుకో."

"మరి ఎందుకట్ల చూస్తాండావ్?"

"ఫ్యాను బాగైంది," అన్నాను.